ప్రొఫెషనల్ పూల్‌కు సరిపోయే ఆట ఏది? ఎనిమిదా, తొమ్మిదా, పదా

పూల్‌లో ప్రపంచ చాంపియన్ ఎవరని అడిగితే 'ఏ ఆటలో?' అని ఎదురు ప్రశ్న వస్తుంది. నైన్ బాల్‌కు ఒకరు, టెన్ బాల్‌కు ఇంకొకరు, ఎయిట్ బాల్‌కు మరొకరు. టేబుల్ అదే, బంతుల్ని కొట్టే కర్ర (క్యూ) అదే, బంతులూ అవే. నియమాలు మారేసరికి ఆట స్వభావమే మారిపోతుంది. స్నూకర్ దాదాపు ఒకే ఆటగా నిలబడి టీవీ ద్వారా ఇంటింటికీ చేరింది. పూల్ మాత్రం ముక్కలుగా చీలిపోయింది, కొత్తగా చూడబోయేవాడికి ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. ఏదో ఒక రూపాన్ని ముందుకు తేవాలన్న వాదన అందుకే ఇన్నేళ్ళుగా తెగకుండా నడుస్తోంది.

ఈ ఎంపికకు రెండు కొలబద్దలు ఉన్నాయి. రెండిటికీ పొసగదు, చిక్కంతా అక్కడే. పోటీగా చూస్తే మెరుగైన ఆటగాడు గెలవాలి, అదృష్టం వాటా తగ్గాలి, గంట సేపు కష్టపడ్డవాడిని ఒక్క పొరపాటు బంతి ఓడించకూడదు. చూసేవారి లెక్క వేరు. ఆటగాడు ఇప్పుడు ఏ బంతి కొట్టాలో వాళ్ళకు తెలిసి ఉండాలి, కొట్టగలడో లేదో తెలియకూడదు. ఇద్దరూ టేబుల్ దగ్గరకు వస్తూ ఉండాలి. మ్యాచ్ ఎప్పుడు ముగుస్తుందో ఒక అంచనా ఉండాలి. మొదటి కొలబద్దకు బాగా సరిపోయే ఆటలు రెండోదాంట్లో తరచు తేలిపోతాయి.

స్ట్రెయిట్ పూల్ ఎందుకు తప్పుకుంది

మొదటి కొలబద్ద ఒక్కటే చాలనుకుంటే స్ట్రెయిట్ పూల్‌కు సాటి లేదు. పదిహేను బంతుల్లో దేన్నైనా, ఏ పాకెట్‌లోకైనా వేయొచ్చు, కాకపోతే బంతినీ పాకెట్‌నూ ముందే చెప్పాలి. బంతికి ఒక పాయింటు. పద్నాలుగు బంతులు పడ్డాక వాటిని మళ్ళీ త్రికోణంగా పేరుస్తారు, అంటే ర్యాక్ చేస్తారు. మిగిలిన పదిహేనోదాన్ని పాకెట్ చేస్తూ, అదే షాట్‌లో తెల్ల బంతి వెళ్ళి ర్యాక్‌ను బద్దలుకొట్టేలా ఆటగాడు చూసుకుంటాడు. పెద్ద పోటీల్లో సాధారణంగా 150 పాయింట్లకు ముందు చేరినవాడు విజేత. గుడ్డిగా పడిన బంతికి విలువ లేదు. మొదటి బ్రేక్, అంటే పేర్చిన బంతుల్ని కొట్టి చెదరగొట్టే షాట్, లాభం కాకపోగా బరువు, అందుకే ఎవరూ దాన్ని కోరి తీసుకోరు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో పూల్ ప్రపంచ టైటిల్ అంటే ఇదే. విల్లీ మాస్కోనీ 1941, 1957 మధ్య ఆ టైటిల్‌ను 15 సార్లు గెలిచాడు. 1954లో ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక ప్రదర్శన మ్యాచ్‌లో, 8 అడుగుల టేబుల్ మీద, ఒక్కటీ గురి తప్పకుండా వరసగా 526 బంతులు వేశాడు. ఆ అంకెను దాటడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది. 2019లో జాన్ ష్మిట్ 626 వేస్తే, 2022లో జేసన్ షా 714 దాకా వెళ్ళాడు.

ఈ అంకెలే ఆ ఆటకు ఉరి బిగించాయి. ఒకడు వంద బంతులు వేస్తున్నంత సేపూ రెండోవాడు కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగడం తప్ప చేసేదేమీ లేదు. షాట్ క్లాక్ పెట్టినా ఈ లోటు తీరదు, ఎందుకంటే సమస్య వేగానిది కాదు, వంతులది. దానికి మించిన ఇబ్బంది ఇంకొకటి ఉంది. స్ట్రెయిట్ పూల్‌లో నైపుణ్యమంతా కష్టమైన షాట్ రాకుండా చూసుకోవడమే. గొప్ప ఆటగాడు ఆడుతుంటే తెల్ల బంతి ఒక్కోసారి జానెడు కూడా కదలదు. ప్రతి బంతీ పాకెట్‌కు దగ్గర్లోంచి, దాదాపు తిన్నగా పడిపోతుంది. ఏ బంతిని తర్వాతి ర్యాక్‌ను పగలగొట్టడానికి అట్టిపెట్టుకున్నాడో, దాని కోసం ఏ గుంపును ఎప్పుడు విడదీశాడో తెలిసినవారికి అది పండగ. తెలియనివారికి, ఎవరైనా వేయగల బంతుల్ని ఒకడు అదే పనిగా వేస్తున్నట్టు ఉంటుంది. ఎంత బాగా ఆడితే అంత తేలిగ్గా కనిపించే ఆటకు టికెట్లు అమ్మడం కష్టం.

వన్ పాకెట్‌ది ఇంకో రకం చిక్కు. ఒక్కో ఆటగాడికి ఒక్క మూల పాకెట్ మాత్రమే సొంతం, అందులో ముందుగా ఎనిమిది బంతులు వేసినవాడు గెలుస్తాడు. ఎత్తుకు పైఎత్తు వేయడంలో పూల్‌లో దీన్ని మించింది లేదు. అయితే ఇద్దరూ బంతుల్ని ఎదుటివాడి పాకెట్ నుంచి దూరంగా నెట్టుకుంటూ ఒక్క గేమ్‌నే గంట సేపు నడిపించగలరు. ఆటగాళ్ళు ఇష్టపడి ఆడుకునే ఆట ఇది. తెలిసినవారు గోడకు ఆనుకుని చూసే ఆట కూడా. ప్రసారానికి పనికిరాదు.

ఎయిట్ బాల్: అందరికీ తెలిసినదే దాని బలం, బలహీనత

ప్రపంచంలో పూల్ ముట్టుకున్నవారిలో అత్యధికులు మొదట ఆడేది ఎయిట్ బాల్. నిండు రంగువి ఏడు, చారలవి ఏడు, చివర్న నల్లటి ఎనిమిది. నియమం వివరించడానికి అర నిమిషం చాలు. అలాంటప్పుడు ప్రొఫెషనల్ పోటీకి కూడా ఇదే సహజమైన ఎంపిక అనిపిస్తుంది. ఆ ఊహ మీదే 2005, 2006లో ఇంటర్నేషనల్ పూల్ టూర్ నడిచింది. 2006లో రీనోలో జరిగిన పోటీలో ఎఫ్రెన్ రేయెస్ గెలిచినప్పుడు మొదటి బహుమతి 5 లక్షల డాలర్లు. అప్పటిదాకా పూల్‌లో వినని మొత్తమది. ఆటను కఠినం చేయడానికి ఆ టూర్ నిర్వాహకులు టేబుల్ మీద వేగంగా జారే గుడ్డ బదులు నెమ్మదైన గుడ్డ వేయించారు. డబ్బు ఆగిపోగానే టూర్ చతికిలపడింది కాబట్టి ఆ పరాజయాన్ని ఎయిట్ బాల్ ఖాతాలో రాయకూడదు. కానీ గుడ్డ మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందో గమనించాలి.

కారణం సూటిగా ఉంది. బ్రేక్ తర్వాత ఆటగాడి ముందు తన గుంపువి ఏడు బంతులుంటాయి. ఏ క్రమంలో వేయాలన్నది అతని ఇష్టం. అగ్రశ్రేణి ఆటగాడికి ఈ స్వేచ్ఛ చాలు, తెల్ల బంతిని పెద్దగా తిప్పకుండా దగ్గర దారులు వెతుక్కుంటాడు. ఒకదానికొకటి అతుక్కున్న బంతులు ఉన్నప్పుడే అతనికి పరీక్ష. వాటిని ఎప్పుడు, ఏ బంతి వేస్తూ విడదీయాలన్న నిర్ణయమే ఎయిట్ బాల్ సారమంతా. ఆ నిర్ణయం ఆటగాడి తలలో జరుగుతుంది, తెర మీద కనబడదు. చూసేవారికి అతను తర్వాత ఏ బంతి వేస్తాడో ఊహించడమే కష్టం, ఇక దాని మీద ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుంది?

చైనాలో ఈ చిక్కును నియమాలు ముట్టుకోకుండా టేబుల్ మార్చి విప్పారు. హేబాల్ అని పిలిచే వారి ఎయిట్ బాల్‌ను 9 అడుగుల టేబుల్ మీదే, పూల్ బంతులతోనే ఆడతారు. పాకెట్ అంచులు మాత్రం స్నూకర్ టేబుల్‌కు ఉన్నట్టు గుండ్రంగా ఉంటాయి. మామూలు పూల్ పాకెట్ అంచు కోణంగా కోసి ఉంటుంది కనుక కొంచెం పక్కకు తగిలిన బంతిని కూడా లోపలికి తోస్తుంది. గుండ్రటి అంచు అదే బంతిని బయటికి విసిరేస్తుంది, కుషన్ (టేబుల్ చుట్టూ ఉండే మెత్తటి అంచు) వెంట గట్టిగా కొట్టిన బంతినైతే మరీను. దాంతో ఏడు బంతుల స్వేచ్ఛ ఉన్నా ప్రతి బంతీ ఒక పరీక్షే. అక్కడి జాయ్ మాస్టర్స్ విజేత బహుమతి 50 లక్షల యువాన్ల దాకా పెరగడానికి ఈ మార్పు కూడా ఒక కారణం. ఎయిట్ బాల్‌ను ప్రొఫెషనల్ ఆటగా నిలబెట్టాలంటే దారి అదే. అయితే దానికి వేరే టేబుల్ కావాలి. మిగతా ప్రపంచంలో ఉన్న టేబుళ్ళన్నీ మార్చే స్తోమత ఏ టూర్‌కూ లేదు.

వరస ఆటల వరం

నైన్ బాల్, టెన్ బాల్ రెండూ వరస ఆటలు, మొదటిదాంట్లో 9, రెండోదాంట్లో 10 వేసినవాడు గెలుస్తాడు. టేబుల్ మీద ఉన్నవాటిలో అతి చిన్న అంకె బంతిని తెల్ల బంతి ముందు తాకాలి. ఈ ఒక్క నియమంతో ప్రేక్షకుడి స్థానం మారిపోతుంది. ఆటగాడికి తెలిసినంత కచ్చితంగా తర్వాతి బంతి ఏదో అతనికీ తెలుసు.

ఒక స్థితి చూద్దాం. ఆరో బంతి కింది ఎడమ మూల పాకెట్ అంచున ఉంది. ఏడోది టేబుల్ పై కొసన, కుడి కుషన్‌కు ఆనుకుని ఉంది. ఎనిమిది నడిమధ్యన అడ్డంగా ఉంది. ఆరు వేయడం కొత్తవాడికైనా చేతనవుతుంది. కానీ ఆరు వేశాక తెల్ల బంతి ఎనిమిదిని తప్పించుకుని, టేబుల్ పొడవునా వెళ్ళి, ఏడుకు సరైన పక్కన ఆగాలి. కుషన్‌కు ఆనుకున్న బంతికి సరైన పక్క అంటే మహా అయితే ఒక జానెడు జాగా. పక్కస్పిన్ కొంచెం ఎక్కువైతే తెల్ల బంతి మూడో కుషన్ నుంచి ఎనిమిది వెనక్కి పోయి దాక్కుంటుంది. తెల్ల బంతి క్యూను వదిలిన క్షణం నుంచి ఆగేదాకా నాలుగైదు సెకన్లు. ఆ నాలుగైదు సెకన్లూ హాలంతా ఒకే చోటును చూస్తూ ఉంటుంది. ఎయిట్ బాల్‌లోనూ స్ట్రెయిట్ పూల్‌లోనూ ఆటగాడు ఇలాంటి షాట్‌ను ఎంచుకోడు, తప్పుకుని వేరే బంతి వేస్తాడు. వరస ఆటలో తప్పుకునే దారి లేదు.

రక్షణ ఆట కూడా ఇక్కడే కంటికి ఆనుతుంది. తెల్ల బంతిని ఏడుకు కనబడకుండా ఎనిమిది వెనక దాచేస్తే, ఎదుటివాడు కుషన్ల మీదుగా కొట్టాలి, లేదా క్యూ ఎత్తి గెంతించాలి. 1995లో రీనోలో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌తో ఆడుతూ ఎఫ్రెన్ రేయెస్ రెండు కుషన్ల మీదుగా, ఆంగ్ల అక్షరం జెడ్ ఆకారంలో తెల్ల బంతిని తిప్పి, దాగిన బంతిని పాకెట్ చేసిన షాట్‌ను ఈనాటికీ చూస్తున్నారు. దాన్ని ఆస్వాదించడానికి నియమాల పుస్తకం అక్కర్లేదు.

బ్రేక్ జబ్బు

నైన్ బాల్‌కు రావలసిన మంచిపేరును చెడగొట్టింది బ్రేక్. తొమ్మిది బంతుల్ని వజ్రం ఆకారంలో 1-2-3-2-1 వరసలుగా పేరుస్తారు. మొదట 1, మధ్యలో 9, మిగతావి ఎలాగైనా. మధ్య వరసలో 9కి అటూ ఇటూ ఉండేవి రెక్క బంతులు. బంతులన్నీ ఒకదానికొకటి గట్టిగా ఆనుకుని, 1 నిర్ణీత చుక్క మీద ఉంటే, బ్రేక్‌లో రెక్క బంతి దాదాపు తిన్నగా కింది మూల పాకెట్‌కు పోతుంది. పాత చెక్క త్రికోణంతో పేర్చినప్పుడు బంతుల మధ్య సన్నని సందులు మిగిలేవి కాబట్టి ఇది ఎప్పుడో కానీ జరిగేది కాదు. బంతులు పూర్తిగా అతికేలా చేసే పలచటి ప్లాస్టిక్ రేకులు వచ్చాక నమ్మకంగా జరగసాగింది.

దాని వెనకే ఇంకో రెండు వచ్చాయి. బంతి ఎలాగూ పడుతుందని తెలిశాక గట్టిగా కొట్టే పని ఏముంది? మెల్లగా కొట్టి, రెక్క బంతిని వేసి, 1ని అనుకున్న చోటికి రప్పించి, తెల్ల బంతిని నడిమధ్యన నిలిపే మెత్తటి బ్రేక్ మొదలైంది. రెండోది, ఆటగాడే తన ర్యాక్ పేర్చుకునే చోట 2, 3, 4 ఎక్కడ పెడితే ఎటు చెదురుతాయో లెక్కకట్టి పేర్చడం. నియమాలు దాన్ని ఒప్పుకోవు, కానీ ఉద్దేశాన్ని రుజువు చేయడం సులభం కాదు. ఇలా నైన్ బాల్ ఒక దశలో బ్రేక్ చేసినవాడి ఆట అయిపోయింది. బాగా ఆడే రోజున ఇది ఎక్కడిదాకా పోగలదో ఈ సాధనాలు రాకముందే తెలిసింది. 1996లో డాలస్‌లో, ఎదుటివాడికి అవకాశం ఇవ్వకుండా వరసగా పది ర్యాకులు (గేమ్‌లు) గెలిచినవారికి పది లక్షల డాలర్లని ప్రకటిస్తే, ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ పదకొండు దాకా లాగాడు. ఆ డబ్బు విషయం బీమా కంపెనీతో వివాదంగా మారింది.

ఈ జబ్బుకు మందులు ఒకటొకటిగా వచ్చాయి, ఏదీ ఒంటరిగా పనిచేయలేదు. మొదటిది, చుక్క మీద 1కి బదులు 9ని పెట్టడం. బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, రెండు వరసల మధ్య దూరం అందులో 0.866 వంతు, అంటే 49.5 మిల్లీమీటర్లు. 9 మూడో వరసలో ఉంటుంది కాబట్టి ర్యాక్ మొత్తం బ్రేక్ చేసేవాడి వైపు 99 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ నాలుగు అంగుళాలతో రెక్క బంతి దారి పాకెట్ తప్పుతుంది. ఆటగాళ్ళు ఊరుకోలేదు. తెల్ల బంతిని పక్క కుషన్ దగ్గర పెట్టి, కోణంలో కొట్టి, 1ని నడుమ పాకెట్‌లో వేయడం సాధన చేశారు. దానికి విరుగుడుగా బ్రేక్ పెట్టె వచ్చింది: తెల్ల బంతిని టేబుల్ మధ్యభాగంలో గీసిన హద్దు లోపలే పెట్టాలి. మెత్తటి బ్రేక్‌ను ఆపడానికి మూడు పాయింట్ల నియమం పెట్టారు. పాకెట్‌లో పడినవీ, బ్రేక్ గీత దాటి వెనక్కి వచ్చినవీ కలిపి కనీసం మూడు బంతులు ఉండాలి. ర్యాక్‌ను రిఫరీ పేర్చడంతో పేర్పు అనుమానాలు పోయాయి. బ్రేక్‌లోనే 9 పడితే గెలుపు అన్న పాత నియమాన్ని కూడా కొన్ని పోటీల్లో బిగించి, కింది పాకెట్లలో పడిన 9ని తిరిగి చుక్క మీద పెడుతున్నారు.

ఇన్ని మందులు వేసుకోవలసిన ఆటను ముందుకు తేవడం ఎందుకు, బ్రేక్ జబ్బు లేని టెన్ బాల్‌నే ఎంచుకోవచ్చు కదా అన్నది గట్టి వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

టెన్ బాల్ ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ జారుతుంది

పది బంతుల్ని 1-2-3-4 వరసల త్రికోణంగా పేరుస్తారు, 10 మూడో వరస మధ్యలో ఉంటుంది. ఇందులో ఏ బంతీ రెక్క బంతిలా పాకెట్‌కు నేరుగా పోదు, కాబట్టి గట్టిగానే బ్రేక్ చేయాలి. ఒక బంతి ఎక్కువ కావడం చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ గుంపులు ఎక్కువగా మిగులుతాయి, వరసలో తెల్ల బంతి తిరగాల్సిన దూరమూ పెరుగుతుంది. పైగా ప్రతి షాట్‌లో బంతీ పాకెట్ ముందే చెప్పాలి. చెప్పని పాకెట్‌లో పడితే అక్కడితో వంతు అయిపోతుంది, ఆ స్థితి నుంచి తానే ఆడాలో మళ్ళీ అతనితోనే ఆడించాలో ఎదుటివాడు తేల్చుకుంటాడు. గుడ్డి అదృష్టానికి తలుపు మూసుకుపోయింది. 2008లో ఫిలిప్పీన్స్‌లో మొదటి ప్రపంచ టెన్ బాల్ పోటీ జరిగి డారెన్ ఆపిల్టన్ గెలిచినప్పుడు, ఇదే నైన్ బాల్ స్థానంలోకి వస్తుందని చాలామంది అనుకున్నారు.

రాకపోవడానికి కారణం ఆ చెప్పడంలోనే ఉంది. దాగిన బంతిని కుషన్ల మీదుగా కొట్టిన ఆటగాడికి అది అద్భుతంగా పక్క పాకెట్‌లో పడితే, నైన్ బాల్‌లో హాలు లేచి నిలబడుతుంది. టెన్ బాల్‌లో రిఫరీ ఎదుటివాడి వైపు తిరిగి 'మీరేమంటారు?' అని అడుగుతాడు. న్యాయం జరిగింది, కానీ చూసేవాడికి ఏం జరిగిందో వ్యాఖ్యాత విడమరచి చెప్పాలి. సేఫ్టీ (బంతి వేయకుండా ఎదుటివాడిని ఇరికించే రక్షణ షాట్) అని ముందే ప్రకటించడం, ఆ సేఫ్టీలో బంతి పడితే ఎవరి వంతో తేల్చడం, ఇవన్నీ ఇలాగే ఆటను ఆపి వివరించాల్సిన ఘట్టాలు. పాకెట్ చెప్పాల్సిన పని లేకుండా టెన్ బాల్ ఆడితే ఈ ఇబ్బంది పోతుంది. అప్పుడు నైన్ బాల్‌కూ దానికీ మిగిలే తేడా కొంచెం మెరుగైన బ్రేక్, కొంచెం పొడవైన ర్యాక్. ఆ పొడవు ఖర్చు ఎంతో లెక్క చూడాలి.

న్యాయం ర్యాక్‌లో లేదు, రేసులో ఉంది

పూల్ వాదనల్లో ఎక్కువగా మరిచిపోయేది మ్యాచ్ పొడవు. ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో చెప్పే ఫార్గో రేటింగ్ పద్ధతిలో ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా అంటే ర్యాకులు 2:1 నిష్పత్తిలో గెలవాలని అర్థం. అగ్రశ్రేణిలో తేడాలు అంత ఉండవు కాబట్టి 50 పాయింట్లు తీసుకుందాం. మెరుగైనవాడు ఒక్కో ర్యాక్ గెలిచే అవకాశం 58.6 శాతం వస్తుంది. ప్రతి ర్యాక్‌నూ విడిగా లెక్కిస్తే, ముందుగా 5 ర్యాకులు గెలవాల్సిన మ్యాచ్‌లో అతను గెలిచే అవకాశం సుమారు 70 శాతం. 9 ర్యాకుల రేసులో 76, 13 ర్యాకుల రేసులో 81. నూరు ర్యాకుల రేసు పెడితే 99 దాటుతుంది.

అంటే ఐదు ర్యాకుల మ్యాచ్‌లో పదిలో మూడుసార్లు బలహీనుడు గెలుస్తాడు. ఇది నైన్ బాల్ తప్పు కాదు, ఐదు తప్పు. రెండు గంటల ప్రసార సమయం ఉందనుకుంటే అందులో ఎన్ని ర్యాకులు పడతాయన్నదే అసలు ప్రశ్న. బాగా నడిచిన నైన్ బాల్ ర్యాక్ ఐదారు నిమిషాల్లో తేలిపోతుంది. టెన్ బాల్‌లో పేర్పు, బ్రేక్ తర్వాతి గుంపులు, పాకెట్ ప్రకటనలు కలిసి దానికన్నా ఎక్కువ తీసుకుంటుంది. కష్టమైన ర్యాక్‌తో ఒక్కో ర్యాక్‌లో వచ్చే న్యాయాన్ని, తక్కువ ర్యాకులు ఆడడం వల్ల మ్యాచ్‌లో పోగొట్టుకుంటాం. టెన్ బాల్ ప్రొఫెషనల్ సిరీస్‌లలో సమయం సరిపెట్టడానికి నాలుగేసి ర్యాకుల చిన్న సెట్లు పెట్టి, సెట్లు సమానమైతే ఫుట్‌బాల్ పెనాల్టీల తరహా షూటౌట్‌తో తేల్చే పద్ధతి తెచ్చారు. అదృష్టాన్ని తగ్గించడానికి ఎంచుకున్న ఆటకు అలాంటి ముగింపు పెట్టడం విడ్డూరమే.

చూసేవారి వైపు నుంచి చూసినా ఎక్కువ ర్యాకులే మేలు. ప్రతి ర్యాక్ చివరా ఒక ఉత్కంఠ ఉంటుంది: 8, 9 రెండే మిగిలాయి, చేయి వణుకుతుందా లేదా. పదిహేను ర్యాకుల రేసు ఎంత దాకా వెళ్ళగలదో 2024లో జెడ్డాలో జరిగిన ప్రపంచ నైన్ బాల్ పోటీ ఫైనల్ చూపించింది. ఫెడోర్ గోర్స్ట్, ఎక్లెంట్ కాచీ మధ్య 14-14 అయ్యి చివరి ర్యాక్‌లో తేలింది. గోర్స్ట్‌కు 2.5 లక్షల డాలర్లు దక్కాయి. మరోపక్క, 1994 నుంచి జరుగుతున్న మాస్కోనీ కప్‌లో ఒక్కో మ్యాచ్ ఐదు ర్యాకులే. యూరప్, అమెరికా జట్ల మధ్య అలాంటి మ్యాచ్‌లు చాలా కలిపి కప్పు తేలుస్తాయి కాబట్టి అక్కడ చిన్న రేసు పెద్ద అన్యాయం చేయదు. వ్యక్తిగత టైటిల్‌కు అదే కొలత వాడితే చేస్తుంది.

తర్వాతి బ్రేక్ ఎవరిది

గెలిచినవాడే మళ్ళీ బ్రేక్ చేయాలా, వంతులవారీగా చేయాలా అన్న తగువు కూడా పాతదే. గెలిచినవాడికి బ్రేక్ ఇస్తే బలవంతుడికి లాభమని ఒకరు, వంతులైతే న్యాయమని ఇంకొకరు అంటారు. గణితం ఇద్దరి నోరూ మూయిస్తుంది. మొదటి బ్రేక్ ఎవరిదో తేలాక, ఆటగాళ్ళు తమ బ్రేక్‌లోనూ ఎదుటివాడి బ్రేక్‌లోనూ ర్యాక్ గెలిచే అవకాశాలు మారనంత వరకు, మ్యాచ్ గెలిచే అవకాశం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. రెండు ర్యాకుల రేసుకు కాగితం మీద వేసి చూసినా ఇది తేలుతుంది.

మారేది స్కోరు నడక. వంతులవారీ బ్రేక్‌లో స్కోర్లు దగ్గరగా నడుస్తాయి, ఇద్దరూ తరచు టేబుల్ దగ్గర కనిపిస్తారు. గెలిచినవాడి బ్రేక్‌లో ఒకడు వరసగా ఐదు ర్యాకులు లాగేయొచ్చు, 3-8 వెనకబడ్డవాడు ఒక్క అరగంటలో సమం చేయొచ్చు. కుర్చీలో మగ్గే బాధ మళ్ళీ వస్తుంది, కానీ స్ట్రెయిట్ పూల్ అంత కాదు. ప్రతి బ్రేక్‌లో బంతి పడకపోయే ముప్పు ఉంటుంది కదా. బ్రేక్‌ను బిగించాక ఆ ముప్పు నిజమైనది. అందువల్ల బిగించిన బ్రేక్‌తో పాటు గెలిచినవాడికే బ్రేక్ ఇవ్వడం వ్యక్తిగత పోటీలకు నప్పుతుంది. మెత్తటి బ్రేక్ చెల్లే చోట అదే పద్ధతి మ్యాచ్‌ను చంపేస్తుంది.

పాకెట్, రంగు, గడియారం

మిగతా సర్దుబాట్లు చిన్నవే అయినా ఫలితం పెద్దది. 9 అడుగుల టేబుల్ ఆట ఉపరితలం 100 అంగుళాలు, 50 అంగుళాలు. మూల పాకెట్ నోరు ప్రామాణికంగా 4.5 అంగుళాలు, అంటే సరిగ్గా రెండు బంతుల వెడల్పు. మ్యాచ్‌రూమ్ నిర్వహించే పెద్ద నైన్ బాల్ పోటీల్లో దాన్ని 4 అంగుళాలకు కుదించారు. బంతి మధ్యలోంచి పోతే అటూ ఇటూ మిగిలే జాగా 1.125 అంగుళాల నుంచి 0.875కి పడిపోతుంది. తేడా అర అంగుళమే అయినా, కుషన్ వెంట పోయే బంతులు, వేగంగా కొట్టిన దూరపు బంతులు అంచుకు తగిలి ఆడి బయటికొస్తాయి. సేఫ్టీ ఆడాలా, సాహసించాలా అన్న నిర్ణయం మళ్ళీ నిర్ణయంగా మారింది. గుడ్డిగా పడే బంతులూ తగ్గాయి, అంటే టెన్ బాల్ నియమాలతో సాధించిన దానిలో కొంత పాకెట్‌తోనే వచ్చేసింది. మరీ ఇరుకు చేస్తే ఆటగాళ్ళు భయపడి ప్రతిదానికీ సేఫ్టీలు ఆడతారు, తెల్ల బంతిని పెద్దగా తిప్పే షాట్లు మాయమవుతాయి. 4 అంగుళాల కింద ఆ ప్రమాదం ఉంది.

బంతి రంగులు పట్టించుకునేవారు తక్కువ. సంప్రదాయ సెట్‌లో 2 నీలం, 4 ఊదా, 3 ఎరుపు, 7 మెరూన్. కెమెరాలో ఈ జంటలు కలిసిపోతాయి. వరస ఆటలో తర్వాతి బంతి ఏదో తెలియడమే ప్రాణం కనుక, టీవీ కోసం చేసిన సెట్లలో 4ను గులాబీ రంగులోకి, 7ను లేత గోధుమ రంగులోకి మార్చారు. పైనుంచి చూపే కెమెరాకు తొమ్మిది బంతులు పదిహేను కంటే ఎంతో నయం.

షాట్‌కు 30 సెకన్లు, ర్యాక్‌కు ఒకసారి అదనపు సమయం అన్న లెక్క చాలావరకు కుదిరింది. బ్రేక్ తర్వాతి మొదటి షాట్‌కు మాత్రం ఎక్కువ సమయం ఇవ్వడం అవసరం. టేబుల్ మొత్తం చదివి, పుష్ అవుట్ ఆడాలా వద్దా అని తేల్చుకునేది అప్పుడే. బ్రేక్ అయిన వెంటనే వచ్చే ఒక్క షాట్‌లో తెల్ల బంతిని ఎక్కడికైనా నెట్టుకునే వెసులుబాటు పుష్ అవుట్. ఆ స్థితిని తీసుకోవాలో తిరిగి ఇచ్చేయాలో ఎదుటివాడి ఇష్టం. బ్రేక్‌లో ఎదురైన దురదృష్టాన్ని ఇది చాలావరకు సరిచేస్తుంది. ఇద్దరి అంచనా నేరుగా తలపడే చోటు కూడా ఇదే, అయినా ప్రసారాల్లో దీన్ని వివరించకుండా దాటేస్తున్నారు.

ఇవన్నీ కలిపి చూస్తే వ్యక్తిగత ప్రపంచ టైటిల్‌కు తగిన రూపం నైన్ బాలే: చుక్క మీద 9, రిఫరీ పేర్చిన ర్యాక్, బ్రేక్ పెట్టె, మూడు పాయింట్ల నియమం, 4 అంగుళాల పాకెట్, గెలిచినవాడికి బ్రేక్, తొలి రౌండ్లలో కనీసం 9, ఫైనల్‌లో 15 ర్యాకుల రేసు. తొలి రౌండ్లను ఇంతకన్నా కుదించే ఒత్తిడి నిర్వాహకుల మీద ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే ఆటగాళ్ళు ఎక్కువ, టేబుళ్ళు తక్కువ. అక్కడ రేసు తగ్గించడం కంటే ఒకసారి ఓడినవారికి రెండో అవకాశం ఇచ్చే డబుల్ ఎలిమినేషన్‌ను మొదటి దశకు పెట్టడం మేలు. టెన్ బాల్‌కు సరైన చోటు సమయం పట్టింపు లేని సుదీర్ఘ సవాలు మ్యాచ్‌లు. మూడు రోజుల పాటు నూరు ర్యాకుల రేసు ఆడుకునేటప్పుడు పాకెట్ చెప్పి ఆడమన్నా ఎవరికీ అడ్డు కాదు.